చంద్రపూర్ గాలి సంగతి పటం గీసే రోజే తేలాలి

సంపాదకులకు నమస్కారం.

మహారాష్ట్రలోని మా చంద్రపూర్ గాలి ప్రస్తావన వచ్చినప్పుడల్లా అందరూ ఊరికి ఉత్తరాన ఉన్న థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలనే చూపిస్తారు. అందులో తప్పు లేదు. 2,920 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం పక్కనే ఉండగా దాని పొగను లెక్కలోంచి ఎవరూ తీసేయలేరు. కానీ మేము పీల్చే గాలి ఎలా ఉండాలో నిర్ణయమయ్యే చోటు ఇంకొకటి ఉంది. ఏ పొలం కాలనీగా మారాలి, బొగ్గు టిప్పర్లు ఏ దారిన పోవాలి, గని తవ్వి పోసిన ఏ మట్టి గుట్ట పక్కన బడి కట్టుకోవచ్చు అనే విషయాలు భూవినియోగ పటాలు గీసే కార్యాలయాల్లో తేలిపోతాయి. ఆ నిర్ణయాలు తీసుకునేటప్పుడు గాలి గురించి అడిగేవారు లేరన్న బాధతోనే ఈ లేఖ రాస్తున్నాను.

కాగితం మిల్లు కోసం, గనుల కోసం తాతల నాడే తెలుగు జిల్లాల నుంచి వచ్చి బల్లార్షాలోను, చంద్రపూర్ లాల్‌పేటలోను, ఘుగ్గూస్‌లోను స్థిరపడిన వేలాది తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటి. బొగ్గే మాకు అన్నం పెట్టింది కాబట్టి గనులు మూసేయమనో, ఫ్యాక్టరీలు తరలించమనో నేను అడగడం లేదు. బొగ్గు మధ్యనే బతకాల్సిన ఊరిని ఎంత జాగ్రత్తగా కట్టుకోవాలో ఆలోచించమని అడుగుతున్నాను.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్య సూచిక కట్టినప్పుడు చంద్రపూర్‌కు 83.88 వచ్చింది. అంకలేశ్వర్, వాపీ, ఘాజియాబాద్ తర్వాత దేశంలో నాలుగో స్థానం మాదే. 70 దాటితేనే తీవ్ర కలుషిత ప్రాంతంగా లెక్కగట్టే సూచిక అది. 2010 జనవరిలో అటువంటి ప్రాంతాల్లో కొత్త పరిశ్రమల అనుమతులపై నిషేధం పెట్టారు, తర్వాత ఆ నిషేధం తొలగిపోయింది. 2019లో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలైనప్పుడు గాలి ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో మా ఊరి పేరు చేరింది.

ఈ రెండు జాబితాల మధ్య కాలంలోనే, 2011లో, మా మునిసిపాలిటీ నగరపాలక సంస్థ అయింది, ఊరు నాలుగు వైపులా పెరిగింది. గోండు రాజుల కోటగోడ లోపలి పాత ఊళ్లో ఇక చోటు లేదు. జట్‌పురా దర్వాజా దగ్గర సాయంత్రం పూట వాహనాలు ఆగి ఆగి కదులుతుంటే ఆ ఇరుకు సందుల్లో పొగ ఎటూ పోలేక మనిషి ముక్కు ఎత్తులోనే నిలిచిపోతుంది. గోడ బయటికి వస్తే ఒకవైపు దుర్గాపూర్, పద్మాపూర్ ఓపెన్‌కాస్ట్ (పైనుంచి తవ్వే) గనులు, మరోవైపు లాల్‌పేట, మహాకాళి గనులు, నాగపూర్ దారిలో పడోలి కూడలి, దాన్ని ఆనుకొని ఖుటాలా, ముందుకు పోతే తాడాలి పారిశ్రామిక వాడలు ఉన్నాయి. వీటి నడుమ మిగిలిన నేలంతా ప్లాట్లుగా మారింది. అనుమతి లేకుండా గుంటల లెక్కన అమ్మిన ప్లాట్లను 2001 నాటి గుంఠేవారీ చట్టం కింద రుసుము కట్టించుకొని క్రమబద్ధం చేస్తారు. రోడ్డు వెడల్పు చూస్తారు, మురుగు కాలువ చూస్తారు. టిప్పర్లు తిరిగే దారికి ఆ ఇళ్లు ఎంత దూరంలో ఉన్నాయో, బొగ్గు మీది నుంచి తీసి పోసిన ఓబీ మట్టి గుట్టల నుంచి గాలి ఎటు వీస్తుందో చూసిన దాఖలా నాకు ఎక్కడా కనబడలేదు. పేదవాడికి అందే ధరలో ప్లాటు దొరికేది గని పక్కనే, బొగ్గును రైళ్లకు ఎక్కించే సైడింగ్ పక్కనే. అనుమతి ఇచ్చే అధికారికి ఈ సంగతి తెలియనిది కాదు.

ఇక్కడ గాలి ఎలా నడుస్తుందో కొంచెం వివరంగా చెప్పాలి. 500 మెగావాట్లు, అంతకు మించిన యూనిట్లకు 275 మీటర్ల పొగగొట్టం కట్టడం మన దేశంలో నియమంగా ఉండేది. అంత ఎత్తున వదిలిన పొగ చాలా దూరం పోయి పలచబడి దిగుతుంది, అందులోని గంధకపు వాయువు గాలిలోనే సన్నని సల్ఫేట్ రేణువులుగా మారి జిల్లాలు, రాష్ట్రాలు దాటుతుంది. కనుక అది మా ఒక్కరి బాధే కాదు, వార్ధా నది అవతల ఆదిలాబాద్, ఆసిఫాబాద్ జిల్లాల్లో ఉన్నవారిది కూడా. నేల మట్టంలో లేచేది ఇందుకు భిన్నం. టిప్పరు చక్రం కింద నలిగిన బొగ్గు నుసి, డీజిల్ పొగ, కట్టడాల సిమెంటు దుమ్ము, వీధి చివర తగలబెట్టే చెత్త పొగ లేచిన చోటే, దగ్గరలో ఉన్నవారి మీదే పడతాయి. చలికాలపు రాత్రుల్లో నేల త్వరగా చల్లబడి, పైన వెచ్చని గాలి మూతలా కూర్చున్నప్పుడు ఆ మురికి పైకి పోయే దారి ఉండదు. ఆ నెలల్లో ఈ ప్రాంతంలో గాలి ఎక్కువగా ఉత్తరం, ఈశాన్యం నుంచి వస్తుంది, అంటే విద్యుత్ కేంద్రం వైపు నుంచి ఊరి మీదికి. వేసవిలో మరో బాధ. 46, 47 డిగ్రీల ఎండలో వాహనాల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు నేల దగ్గరే ఓజోన్‌ను పుట్టిస్తాయి. ఇలాంటి ఊళ్లో ఒక చెట్ల వరుసను రోడ్డు వెడల్పు కోసం కొట్టేయడం, ఒక చెరువు గర్భాన్ని పూడ్చడం, ఒక బడిని బైపాస్ ఒడ్డున కట్టడం చిన్న నిర్ణయాలు కావు.

గాలి కోసం వచ్చే డబ్బు మాత్రం నిర్ణయాలన్నీ అయిపోయాక వస్తుంది. స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద దేశమంతటా ఖర్చయిన నిధుల్లో 64 శాతం రోడ్డు దుమ్ము మీదే పోయిందని, పరిశ్రమల కాలుష్యానికి ఒక శాతం కూడా దక్కలేదని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2024లో లెక్క తేల్చింది. ఊడ్చే యంత్రాలు కొంటారు, నీళ్లు చల్లే ట్యాంకర్లు తిప్పుతారు. నగరాల పనితీరును ముతక ధూళి అయిన పీఎం 10 తగ్గుదలతోనే కొలుస్తున్నారు కనుక, నీళ్లు చల్లితే ఆ అంకె కొంత దిగుతుంది. ఊపిరితిత్తుల లోతుకు పోయే పీఎం 2.5 మాత్రం ట్యాంకరు నీళ్లకు లొంగేది కాదు. ఆ సన్న ధూళికి మన దేశ వార్షిక ప్రమాణం ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది 5. నిన్న చల్లిన నీరు ఎండకు ఆరిపోతుంది, అదే రోడ్డు మీద అవే టిప్పర్లు మళ్లీ వస్తాయి. ఆ టిప్పర్లకు ఇళ్లకు దూరంగా వేరే దారి వేయడమో, బొగ్గును మూసిన కన్వేయర్ మీద పంపడమో జరిగితే ఆ ఖర్చు ఏటేటా పెట్టవలసిన పని ఉండదు.

చట్టాల్లో ఉన్న ఖాళీ కూడా ఇక్కడే. 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం గనికి, సిమెంటు ఫ్యాక్టరీకి, విద్యుత్ యూనిట్‌కు వేర్వేరుగా అనుమతి తీసుకోవాలి. సాధారణంగా వానాకాలం కాని ఒక ఋతువు కొలతలు చాలు. ఒక్కొక్కటీ తన హద్దులో ఉన్నానని చూపిస్తుంది, అన్నీ కలిపి ఒకే ఊపిరిలోకి పోతున్నాయన్న లెక్క ఎవరి బల్ల మీదా ఉండదు. 20,000 చదరపు మీటర్ల లోపు కట్టడాలకు ఆ అనుమతి కూడా అక్కర్లేదు కాబట్టి చిన్న అపార్ట్‌మెంట్లు, ముక్కలుగా వేసే లేఅవుట్లు దాని పరిధిలోకే రావు. విద్యుత్ కేంద్రాల గంధకపు వాయువుకు 2015 డిసెంబరులో ప్రమాణాలు ప్రకటించి, గడువులు మళ్లీ మళ్లీ పెంచి, చివరికి 2025 జూలైలో ఎక్కువ కేంద్రాలకు ఆ వాయువును పొగలోంచి తీసేసే పరికరాలు పెట్టే బాధ్యతే తప్పించారు. తీవ్ర కలుషిత ప్రాంతాలకు, ప్రమాణాలు అందుకోని నగరాలకు పది కిలోమీటర్ల లోపున్న కేంద్రాల సంగతి ఒక్కొక్కటిగా పరిశీలించి చెబుతామన్నారు. చంద్రపూర్ రెండు జాబితాల్లోనూ ఉన్న ఊరు కనుక ఆ పరిశీలనలో మా ఊరికి మినహాయింపు ఇవ్వకూడదని ప్రజాప్రతినిధులు ఇప్పుడే గట్టిగా అడగాలి.

మహారాష్ట్ర ప్రాంతీయ, నగర ప్రణాళికా చట్టం 1966లో వచ్చింది. దాని ప్రకారం అభివృద్ధి ప్రణాళికను కనీసం ఇరవై ఏళ్లకు ఒకసారి సవరించాలి. అంటే ఒకసారి పటం మీద పసుపు రంగు పడి నివాస ప్రాంతమైపోతే, ఆ రోజు పుట్టిన బిడ్డ పెళ్లీడుకు వచ్చేదాకా ఆ నిర్ణయం కింద ఊపిరి పీల్చాల్సిందే. కనుక ప్రణాళిక ముసాయిదాతో పాటే గాలి పటం కూడా ప్రజల ముందు పెట్టాలి. చంద్రపూర్‌లోను, ఖుటాలాలోను నిరంతరం కొలిచే కేంద్రాల అంకెలు అందుకు ఉన్నాయి. వాటికి నెలవారీ గాలి దిశలు, టిప్పర్ల దారులు, సైడింగ్‌లు, బూడిద చెరువులు, ఓబీ గుట్టలు జోడిస్తే ఎక్కడ ఇళ్లు రాకూడదో, ఎక్కడ బడి, అంగన్‌వాడీ, ఆసుపత్రి అసలే కట్టకూడదో మామూలు మనిషికి కూడా అర్థమవుతుంది. ఇప్పటికే కట్టుకున్నవారిని లేపమని నేను అనను, వారి పక్కనుంచి పోయే బరువు వాహనాల దారిని మార్చమంటాను. కొత్త లేఅవుట్‌కు అనుమతి ఇచ్చే ముందు కాలుష్య నియంత్రణ మండలి అభిప్రాయం తప్పనిసరి చేయాలంటాను. పరిశ్రమలు తమ స్థలంలో పెంచాల్సిన పచ్చదనాన్ని కాగితం మీద కాకుండా, జనావాసాల వైపు హద్దులోనే దట్టంగా పెంచేలా షరతు రాయమంటాను.

చివరిగా, మీ పత్రికకే ఒక విన్నపం. గనుల విస్తరణకు ప్రజాభిప్రాయ సేకరణ జరిపినా, అభివృద్ధి ప్రణాళికపై అభ్యంతరాలు పిలిచినా ఆ ప్రకటనలు మరాఠీ, ఇంగ్లీషు పత్రికల్లోనే వస్తాయి. లాల్‌పేటలోను, బల్లార్షా బస్తీల్లోను ఇంట్లో తెలుగే మాట్లాడే గని కార్మికుల కుటుంబాలకు ఆ సంగతి గడువు ముగిశాక తెలుస్తుంది. సరిహద్దు జిల్లాలకు వచ్చే మీ సంచికలో అటువంటి ప్రకటనల సారాంశాన్ని, అభ్యంతరం ఇవ్వవలసిన కార్యాలయం పేరును, ఆఖరి తేదీని తెలుగులో ప్రచురించగలరా? అభ్యంతరాలు తెలుగులో రాసి ఇచ్చినా స్వీకరించేలా జిల్లా యంత్రాంగాన్ని ఒప్పించే పని మేము చేసుకుంటాం.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బల్లార్షా, చంద్రపూర్ జిల్లా, మహారాష్ట్ర