పెన్సిల్‌తో ప్రశ్నలు రాసిన సార్‌కి, మరికొందరికి

నిన్న నా కన్ఫర్మేషన్ లెటర్ వచ్చింది, అంటే ఉద్యోగం ఖాయమైంది. హెచ్ఆర్ ట్రైనీగా చేరిన నేను ఈ పని ఎంతోకొంత నేర్చుకున్నానంటే అందుకు కారణమైనవాళ్లకి నలుగురిలో థాంక్స్ చెప్పుకోవాలి.

ముందుగా సార్‌కి. పేరు రాయొద్దన్నారు, రాయను. జీడిమెట్ల, బాలానగర్ ఫ్యాక్టరీల్లో పర్సనెల్ మేనేజరుగా, అంటే ఉద్యోగుల వ్యవహారాలు చూసే మేనేజరుగా చేసి రిటైరైన మనిషి. ఎంబీఏలో రిఫ్లెక్షన్ అంటే, జరిగినదాన్ని వెనక్కి తిరిగి చూసుకుని నేర్చుకోవడానికి, మాకు గిబ్స్ సైకిల్ చెప్పారు. 1988 నాటి పద్ధతి. ఏం జరిగింది, ఏమనిపించింది, ఏది బాగుంది, ఎందుకలా అయింది, ఇంకేం చేయొచ్చు, ఈసారి ఏం చేస్తాం అని ఆరు మెట్లు. అసైన్‌మెంట్‌కి బాగానే ఉంటుంది. షిఫ్టు మారే వేళ ఇద్దరు ఆపరేటర్లు కొట్లాడుకుని ఆఫీసు గుమ్మంలో నిలబడితే ఆరు గడులు నింపే తీరిక ఎవరికుంటుంది?

సార్ నాతో చేయించింది ఒక్కటే. పేజీ మధ్యలో నిలువు గీత. ఎడమవైపు చూసిందీ విన్నదీ, కుడివైపు నేననుకున్నది. ఉద్యోగుల పేర్లు రాయకూడదు, ఆ విషయంలో చాలా పట్టుదల ఆయనకి. శనివారాలు ఆ నోట్‌బుక్ పెన్సిల్ పట్టుకుని చదివేవారు. ఎడమవైపు "పొగరుగా మాట్లాడాడు" అని ఉంటే పక్కన "ఏమన్నాడు?" అని రాసేవారు. "సూపర్‌వైజర్ని లెక్కచేయడు" అని ఉంటే "ఎవరు చెప్పారు?" అంతే. మెచ్చుకోలూ లేదు, కోప్పడటమూ లేదు. నిజం చెప్పాలంటే కోప్పడినా అంత ఇబ్బందిగా ఉండేది కాదేమో.

ఆ గీత ఎందుకో డొమెస్టిక్ ఎంక్వైరీ, అంటే ఉద్యోగి మీద ఆరోపణ వస్తే కంపెనీయే జరిపే విచారణ, ఫైలు చేతికొచ్చినప్పుడు తెలిసింది. చార్జిషీటులో "దురుసుగా ప్రవర్తించారు" అని మాత్రమే రాస్తే ఆ కార్మికుడు దేనికని వివరణ ఇస్తాడు? తేదీ, షిఫ్టు, చోటు, అన్న మాట ఉంటేనే జవాబు చెప్పుకోగలడు, సాక్షిని ఎదురు ప్రశ్నించగలడు. ఎంక్వైరీ ఆఫీసరు కూడా రికార్డులోకి వచ్చిన సాక్ష్యాన్ని బట్టే తేల్చాలి. సహజ న్యాయ సూత్రాలంటూ పరీక్ష కోసం బట్టీ పట్టినవే ఇవన్నీ. ఒక మనిషి ఉద్యోగం ఉంటుందా పోతుందా అన్నచోట వాటిని చదివితే ఒళ్లు దగ్గర పెట్టుకోవాలనిపిస్తుంది.

జీతాల లెక్కలు చూసే పేరోల్ అక్కకి. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు (కొత్త కార్మిక చట్టాలు) అమల్లోకి వచ్చాక ఆఫీసంతా టెన్షనే. మానేసినవాళ్ల జీతం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి, ఫిక్స్‌డ్ టర్మ్ వాళ్లకి, అంటే ఇంతకాలానికని ఒప్పందం మీద చేరినవాళ్లకి, ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి కంపెనీ ఇచ్చే డబ్బు). సాఫ్ట్‌వేర్ చూపించి వదిలేయకుండా అక్క నాతో కాగితం మీద గ్రాట్యుటీ లెక్క కట్టించింది: చివరి నెల వేతనాన్ని 26తో భాగించు, 15తో గుణించు, సర్వీసు ఏళ్లతో గుణించు. 30తో ఎందుకు భాగించకూడదని అడిగితే, వారానికో సెలవు తీసేసి చూడమంది. ఇప్పుడు కొత్తవాళ్లకి నేనూ కాగితమే ఇస్తున్నాను.

ఫ్యాక్టరీలో ప్రెస్ మెషిన్ల విభాగంలో పనిచేసే, ఒడిశాలోని గంజాం నుంచి వచ్చిన తమ్ముడికి. కొత్తగా చేరిన కార్మికులకి నేను కంపెనీ విషయాలు చెప్పే ఇండక్షన్ అయ్యాక నా దగ్గరికొచ్చి, "వాళ్లు తలూపారంటే అర్థమైందని కాదు మేడమ్" అన్నాడు. తర్వాతి బ్యాచ్‌కి తనే ఒడియాలో చెప్పాడు. ఉద్యోగం మారినా యూఏఎన్ (పీఎఫ్ కోసం ఒక్కో ఉద్యోగికి ఇచ్చే నంబరు) అదే ఉంటుందని, ఊరెళ్లేటప్పుడు పీఎఫ్ డబ్బు వదిలేసి పోనక్కర్లేదని. ఆ రోజు వచ్చినన్ని ప్రశ్నలు నేను హిందీలో చెప్పిన ఏ ఇండక్షన్‌లోనూ రాలేదు. మనుషులతో పని చేసే నైపుణ్యమంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఈ అబ్బాయినే చూపిస్తాను, అతనికి హెచ్ఆర్ డిగ్రీ లేకపోయినా.

చివరగా మా మేనేజర్ గారికి. సార్ దగ్గరికి వెళ్లడానికి శనివారాలు గంట ముందు వదిలారు. అది పర్మిషన్లలో లెక్క రాయలేదు కూడా!