నా జీతం ఏ గంగాళంలోంచి వస్తుందో చెబుతా, విను అక్కా

టెక్సస్
ఆగస్టు 24, 2025

అక్కా,

బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? మొన్న ఫోన్లో "మీ ట్రంపు బళ్లకి డబ్బులు ఆపేశాడంటగా, నీ ఉద్యోగం ఉందా ఊడిందా" అని నువ్వు అడిగితే నేను నవ్వేసి మాట మార్చాను చూడు, పక్కన అమ్మ ఉంది, స్పీకర్ ఆన్‌లో ఉంది, అందుకని. ఉద్యోగం ఉంది. జూలై నెలంతా మాత్రం నాకు సరిగ్గా నిద్ర లేదు. ఫోన్లో చెబితే సగం వింటావు, సగం మీ హెచ్‌ఎం కబుర్లు చెబుతావు, అందుకే రాస్తున్నా.

ముందు నువ్వు ఒకటి తెలుసుకో. ఇక్కడ బళ్లు నడిపేది వాషింగ్టన్ కాదు, మా రాష్ట్ర రాజధాని ఆస్టిన్ కూడా కాదు. స్కూల్ డిస్ట్రిక్ట్ అని ఉంటుంది, దానికి జనం ఓట్లేసి ఎన్నుకున్న బోర్డు ఉంటుంది, ఆ బోర్డే పన్ను వేస్తుంది, ఆ బోర్డే టీచర్లను పెట్టుకుంటుంది. బడికి ఖర్చయ్యే ప్రతి వంద డాలర్లలో వాషింగ్టన్ ఇచ్చేది పదికి కాస్త అటూ ఇటూ, అంతే. మిగతాది రాష్ట్రమూ స్థానిక పన్నూ. మాకు వచ్చే ఇంటి పన్ను బిల్లులో దాదాపు సగం బడి పేరు మీదే ఉంటుంది. మనవాళ్లు ఇక్కడ ఇల్లు కొనేముందు వాస్తు కన్నా ముందు చూసేది బడి రేటింగు. మేమూ అంతే చేశాం, దాచుకోవడం ఎందుకు. ఖరీదైన ఇళ్లున్న చోట పన్ను ఎక్కువ వస్తుంది, బడి బాగుంటుంది, బడి బాగుంది కాబట్టి ఇళ్ల ధర ఇంకా పెరుగుతుంది. హైవేకి అవతల దీనికి పూర్తిగా తలకిందులు. నేను ఉండేది ఇవతల, పనిచేసేది అవతల.

ఇది అన్యాయం కదా అని ఇక్కడివాళ్లు కోర్టుకి కూడా వెళ్లారు. శాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్ అనే పేద డిస్ట్రిక్ట్ తల్లిదండ్రులు, డెమెట్రియో రోడ్రిగెజ్ అనే ఆయన ముందుండి, సుప్రీంకోర్టు దాకా పోయారు. 1973లో 5-4 తేడాతో ఓడిపోయారు. చదువు అమెరికా రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదు పొమ్మంది కోర్టు. మనకి 6 నుంచి 14 ఏళ్ల దాకా చదువు ప్రాథమిక హక్కు కదా, ఈ సంగతి చదివినప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆ తర్వాత రాష్ట్ర కోర్టుల్లో పోరాడితే 1993లో డబ్బున్న డిస్ట్రిక్టుల నుంచి కొంత తీసి లేనివాటికి ఇచ్చే చట్టం వచ్చింది. దాన్ని ఇక్కడ అందరూ రాబిన్ హుడ్ అంటారు. మా కాలనీలో ఆ పేరెత్తితే మొహాలు మాడిపోతాయి.

ఇక వాషింగ్టన్ ఇచ్చే ఆ పది డాలర్ల సంగతి. అది 1965 నాటి చట్టం. లిండన్ జాన్సన్ అని అప్పటి ప్రెసిడెంటు, మా టెక్సస్ మనిషే, కుర్రతనంలో కొటుల్లా అనే ఊళ్లో మెక్సికన్ పిల్లల బడిలో పాఠాలు చెప్పాడు. ఆకలితో బడికొచ్చే పిల్లల్ని కళ్లారా చూసినవాడు. ఆ చట్టం మీద సంతకం వైట్‌హౌస్‌లో పెట్టలేదు, తను చిన్నప్పుడు కూర్చున్న ఒంటిగది బడి దగ్గరికి వెళ్లి, తనకి అక్షరాలు నేర్పిన టీచరమ్మని పక్కన కూర్చోబెట్టుకుని పెట్టాడు. నీకు ఇది నచ్చుతుందని నాకు తెలుసు. అందులో మొదటి భాగం టైటిల్ వన్, పేద పిల్లలు ఎక్కువున్న బళ్లకి, ఇప్పుడు ఏడాదికి 1,800 కోట్ల డాలర్ల పైనే. బడిలో నూటికి నలభైమంది పేదపిల్లలుంటే ఆ డబ్బు బడి అంతటికీ వాడుకోవచ్చు. మాది అలాంటి బడే. అందరికీ పొద్దున టిఫినూ మధ్యాహ్నం భోజనమూ ఉచితం, ఆ డబ్బు వేరే పద్దు. పిల్లలు వరసలో వచ్చి చిన్న మీటల పెట్టె మీద వాళ్ల నంబరు నొక్కి ట్రే తీసుకెళ్తారు. మీ బళ్లో భోజనంలో ఇచ్చే గుడ్డు లాంటిది ఏమీ ఉండదు, పాల డబ్బా మాత్రం ఖాయం, అది సగంమంది తాగరు.

నా పోస్టు టైటిల్ త్రీలోది. ఇంగ్లీషు రాని పిల్లల కోసం ఇచ్చే డబ్బు. నేను టీచర్ని కాదు, ఎయిడ్‌ని, అంటే టీచరుకి సాయంగా ఉండే మనిషిని, అర్ధచంద్రం ఆకారంలో ఉండే బల్ల దగ్గర నలుగురైదుగురిని కూర్చోబెట్టుకుని బొమ్మల కార్డులు చూపిస్తుంటా. కిందటేడు రెండో తరగతిలో హోండురస్ నుంచి వచ్చిన ఒక పిల్లాడు నాలుగు వారాలు నోరు విప్పలేదు. నాకు స్పానిష్ రాదు, వాడికి ఇంగ్లీషు రాదు. ఒకరోజు నేను చేతిలో పెన్సిల్ పట్టుకుని ఇది ఏంటి అన్నట్టు తల ఊపితే, "మిస్, లాపిస్" అన్నాడు. నేను "లాపిస్" అన్నాను, నా ఉచ్చారణ విని పడీపడీ నవ్వాడు. ఆ మర్నాటి నుంచి రోజూ నాకు ఒక మాట నేర్పి, బదులుగా ఒక ఇంగ్లీషు మాట పట్టుకెళ్లేవాడు.

డబ్బు ఊరికే రాదులే. నువ్వు యూసీలు, అదే ఖర్చు లెక్కల కాగితాలు, రాయలేక ఏడుస్తావు కదా, బడి బాత్రూం ఫోటోలు యాప్‌లో పెట్టమన్నప్పుడు నువ్వు తిట్టిన తిట్లు నాకింకా గుర్తే. ఇక్కడా అదే గోల. నా పని గంటలన్నీ ఈ ప్రోగ్రాం కిందే చేశానని ఆరు నెలలకోసారి కాగితం మీద సంతకం పెట్టాలి. ఆ డబ్బుతో కొన్న ఐప్యాడ్ వెనక టైటిల్ త్రీ అని స్టిక్కరు ఉంటుంది, మామూలు క్లాసుకి ఇస్తే ఆడిట్‌లో దొరికిపోతాం. అన్నిటికన్నా పెద్ద నియమం ఏంటంటే, డిస్ట్రిక్ట్ ఎలాగూ పెట్టాల్సిన ఖర్చుకి ఈ డబ్బు వాడకూడదు, ఇది పైన కలిపేదే గాని ఉన్నదాని బదులు కాదు. వినడానికి బాగుంటుంది. కానీ ఉన్న ఖర్చు ఏది, పైన కలిపింది ఏది అని తేల్చడానికి ఆఫీసులో ఇద్దరు మనుషులు పొద్దస్తమానం లెక్కలు రాస్తూనే ఉంటారు.

మనవాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. బడిలో చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారు అని ఫారంలో అడుగుతారు. తెలుగు అని రాస్తే పిల్లకి ఇంగ్లీషు పరీక్ష పెడతారు, రాకపోతే సాయం ఇస్తారు. చాలామంది భయపడి ఇంగ్లీష్ అని రాసేస్తారు, పిల్లని వెనకబడినవాళ్లలో కూర్చోబెడతారేమో అని. నేను మా పాపకి తెలుగు అనే రాశాను, మీ మరిది రెండు రోజులు మాట్లాడలేదు. అది పరీక్ష రాసి సుబ్బరంగా పాసయింది, అది వేరే విషయం.

సరే, జూలై. ఏటా జూలై 1న రాష్ట్రాలకి రావలసిన డబ్బులు ఈసారి రావు, పరిశీలిస్తున్నాం అని జూన్ 30న వాషింగ్టన్ నుంచి కబురు. మొత్తం 680 కోట్ల డాలర్లకి పైనే. టైటిల్ త్రీ, టీచర్ల ట్రైనింగు, బడి అయ్యాక నడిచే క్లాసులు, వలసకూలీల పిల్లల కార్యక్రమం, అన్నీ అందులోనే. కాంగ్రెస్, అంటే ఇక్కడి పార్లమెంటు, మంజూరు చేసిన డబ్బే అక్కా, బడ్జెట్ అయిపోయింది, చేతికి మాత్రం రాలేదు. మార్చిలోనేమో ఈ డబ్బు పంచే వాషింగ్టన్ విద్యాశాఖనే మూసేయమని ప్రెసిడెంటు ఉత్తర్వు ఇచ్చి ఉన్నాడు. మా ప్రిన్సిపల్ పిలిచి "ఆగస్టు దాకా నేనేం మాట ఇవ్వలేను" అంది, ఆమె తప్పేం లేదు. మాలాంటి ఎయిడ్‌లకి కాంట్రాక్టు కూడా ఉండదు. మీ మరిది "నీ జీతం మీద ఇల్లు గడవట్లేదుగా, ఎందుకంత టెన్షన్" అన్నాడు. ఓదార్పే అనుకున్నాడు పాపం. నాకు మాత్రం ఒళ్లు మండింది.

ఇరవైకి పైగా రాష్ట్రాలు కోర్టుకెక్కాయి, మా టెక్సస్ అందులో లేదు. చివరికి ప్రెసిడెంటు పార్టీ సెనేటర్లే పదిమంది డబ్బు వదలమని ఉత్తరం రాశారు. ముందు బడి అయ్యాక క్లాసులవి వదిలారు, జూలై 25 శుక్రవారం మిగతావీ వదులుతామన్నారు. సోమవారం ప్రిన్సిపల్ మెసేజ్, "వచ్చేయ్" అని ఒక్కటే మాట. అయితే వచ్చే ఏడాది బడ్జెట్‌కి వైట్‌హౌస్ పంపిన ప్రతిపాదనలో టైటిల్ త్రీకి ఉన్న 89 కోట్ల డాలర్లని ఏకంగా సున్నా చేశారు. కాంగ్రెస్ ఒప్పుకోవాలి ఇంకా. అమ్మకి ఈ ముక్క మాత్రం చెప్పకు.

అన్నట్టు ఈ ఏడు నా బల్ల దగ్గరికి ఒక తెలుగు పిల్ల వచ్చింది, మన గుంటూరు వైపే, రెండో తరగతి. వాళ్ల అమ్మ ఫారంలో తెలుగు అనే రాసింది. మొదటి రోజు నేను "పేరేంటమ్మా" అంటే ఆ పిల్ల కళ్లు చూడాల్సింది. నువ్వు ఒక పని చెయ్యి. మీ ఎంపీపీ స్కూల్లో పిల్లలకి ఇచ్చే పుస్తకం ఉంటుంది కదా, ఒక పేజీ తెలుగు, పక్క పేజీ అదే పాఠం ఇంగ్లీషులో, రెండో తరగతిది పాతది ఒకటి ఉంటే చూడు. బావగారి ఫ్రెండ్ వచ్చే నెల డాలస్ వస్తున్నాడన్నావుగా, ఆయన చేతికియ్యి. ఇది నాది కాబట్టి దీనికి స్టిక్కరు అక్కర్లేదు.

నీ చెల్లి