ఇంటికి ఫోన్ చెయ్యలేని అమ్మాయిల గురించి

తెలంగాణ మహిళా శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. హైదరాబాద్‌లో 22 ఏళ్లుగా డిగ్రీ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. పోయినేడు ఫైనలియర్ అమ్మాయి ఒకామె, స్టాఫ్‌రూమ్‌లో అందరూ వెళ్లేదాకా బయట నిలబడి, అప్పుడు లోపలికి వచ్చింది. అమ్మ బీడీలు చుడుతుంది. నాన్న గల్ఫ్ నుంచి అప్పులతో తిరిగొచ్చి తాగుడులో పడ్డాడు. హాస్టల్‌కు రెండు నెలల బాకీ. రూమ్‌మేట్ ద్వారా పరిచయమైన ఒకావిడ మొదట ఫంక్షన్లలో పని ఇప్పించింది, తర్వాత పది వేలు చేబదులిచ్చింది, ఆ తర్వాత అప్పు తీర్చమంటూ ఒక హోటల్ గది నంబరు పంపింది.

"ఇంట్లో చెప్పమ్మా" అన్నాను.

"చెబితే చదువు మాన్పించి పెళ్లి చేసేస్తారు మేడం" అంది. ఆ బ్రోకర్ బెదిరింపు కూడా అదేనట: మీ నాన్నకు ఫోన్ చేస్తా. పోలీసుల షీ టీమ్స్‌కు చెబుదామన్నా, ఇంటికి తెలుస్తుందని వణికిపోయింది.

పేదరికం ఒక్కటే కారణమైతే నా క్లాసులో సగం మంది ఈ గొయ్యి అంచునే ఉండాలి. అంతే లేమిలో ఉన్న పిల్లలు రాత్రి అమ్మకు ఫోన్ చేసి ఏడ్చేసి తేలికపడతారు. తండ్రి చెయ్యెత్తే ఇల్లు, పరువు పేరు చెప్పి నోరు నొక్కే ఇల్లు, ఆడపిల్ల సంపాదనతో అప్పు తీర్చాలనుకునే ఇల్లు: బ్రోకర్లు వెతుక్కునేది ఆ ఇళ్ల పిల్లల్నే.

ఇందులో ప్రభుత్వం పాత్ర కూడా ఉందమ్మా. కల్యాణలక్ష్మి కింద పెళ్లికి 1,00,116 రూపాయలు ఇస్తున్నారు. దాన్ని తప్పు పట్టను. కానీ అదే అమ్మాయి చదువుకు రావలసిన ఫీజు రీయింబర్స్‌మెంట్, మెస్ ఖర్చుల స్కాలర్‌షిప్ బకాయిలు పేరుకుపోతున్నాయి. అవి రాలేదని కాలేజీలు సర్టిఫికెట్లు ఆపుతున్నాయి. అప్పుడు ఇంట్లో వాళ్లకు చదువుకంటే పెళ్లే సులువుగా కనిపిస్తుంది.

స్కాలర్‌షిప్ నెలనెలా ఆమె ఖాతాలోనే వెయ్యండి. ఆమె ఒప్పుకోకుండా ఇంటికి ఫోన్ చెయ్యని కౌన్సిలర్‌ను ప్రతి కాలేజీలో పెట్టండి. వ్యభిచారం కేసుల రెయిడ్లలో దొరికినవాళ్ల గుర్తింపు బయటపెట్టకూడదని 2022 మే నెలలోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట పోలీసుల చేత, టీవీల చేత పాటింపజేయండి. కాపాడిన అమ్మాయిని తల్లిదండ్రులకు అప్పగించే ముందు ఆ ఇల్లు ఎలాంటిదో విచారించే వీలు పీటా చట్టంలో, అంటే వ్యభిచారంలోకి దింపే అక్రమ రవాణాను అరికట్టే చట్టంలో, ఉంది. దాన్ని వాడమనండి.

ఆ పది వేలు మేం నలుగురు లెక్చరర్లం కలిసి కట్టాం. పరీక్షలు రాసింది, పాసయింది. సర్టిఫికెట్లు మాత్రం ఇంకా కాలేజీలోనే ఉన్నాయి.

ఇట్లు,
ఒక డిగ్రీ కాలేజీ లెక్చరర్