పెళ్లి సంబంధాలకు ముందు తల స్కాన్లు ఆపించండి

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి,

గోదావరి డెల్టాలో స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు ఉండే మానసిక జబ్బు) రోగుల కుటుంబాలతో పనిచేసేవాళ్లం రాస్తున్నాం. ఇదే సంగతిపై పెట్టిన అర్జీలకు జవాబు రాలేదు. అందుకే ఈ బహిరంగ లేఖ.

ఇంట్లో ఒకరికి ఈ జబ్బుంటే, చెల్లెలికో కొడుక్కో సంబంధం వచ్చినప్పుడు "తలకు ఎమ్మారై తీయించండి" అంటున్నారు. కొన్ని స్కాన్ సెంటర్లు ఆ రిపోర్టును రాబోయే జబ్బును తేల్చే కాగితంలా అమ్ముతున్నాయి. కౌలు రైతులు అప్పు చేసి కడుతున్నారు.

లెక్క చూడండి. తల్లిదండ్రుల్లో ఒకరికి జబ్బుంటే పిల్లల్లో నూటికి సుమారు 10 మందికి వస్తుంది, 90 మందికి రాదు. నూటికి 80 పాళ్లు సరిగ్గా చెప్పే పరీక్ష ఉందనే అనుకుందాం. వచ్చే 10 మందిలో 8 మందిని పట్టుకుంటుంది. రాని 90 మందిలో 18 మందికీ వస్తుందనే చెబుతుంది. అంటే ముద్ర పడిన 26 మందిలో 18 మందికి అన్యాయమే. ఆ పిల్లల సంబంధాలు తప్పిపోతే ఎవరు జవాబు చెబుతారు?

స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో 1994 నుంచి ఇలాంటి కుటుంబాల యువతను ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ స్కాన్ చేశారు. జబ్బు వచ్చినవాళ్ల మెదడులో కొన్నిచోట్ల గ్రే మ్యాటర్ (నరాల కణాలు ఎక్కువగా ఉండే భాగం) క్రమంగా తగ్గింది. అది గుంపు సగటులో తేలిన సంగతి. ఒక్క స్కాన్ చూసి ఒక మనిషి గురించి చెప్పలేం. ఆ కొలతకు మెదడును మిల్లీమీటరు మందం ముక్కలుగా చూపే చిత్రాలు, ప్రతిసారీ అదే మెషీను, అవే సెట్టింగులు కావాలి. గడ్డలున్నాయేమో చూసే మామూలు స్కాన్లో ముక్క మందం ఐదు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. తల కాస్త కదిలినా గ్రే మ్యాటర్ తగ్గినట్టే కొలత వస్తుంది. మద్యం, గంజాయి, వాడే మందులు కూడా లెక్క మారుస్తాయి. మూర్ఛ, తలకు దెబ్బ, జ్వరంతో మతి తప్పడం ఉంటే స్కాన్ తీయాల్సిందే, దానికి మేం అడ్డు చెప్పం.

నెలల తరబడి చదువు జారిపోవడం, రాత్రిళ్లు నిద్ర లేకపోవడం, ఎవరో పిలుస్తున్నారనడం, ఇంట్లోవాళ్లనే అనుమానించడం కనిపిస్తే వెంటనే వైద్యుడికి చూపించాలి. ఆలస్యమైన కొద్దీ కోలుకోవడం కష్టం. కానీ లంక గ్రామం నుంచి రేవు దాటి, బస్సెక్కి వస్తే మానసిక వైద్యుడు ఈరోజు రాలేదంటారు. ఈ జబ్బుకు వాడే రిస్పెరిడాన్ మందు వారానికి సరిపడానే ఇస్తారు. మళ్లీ రావడానికి కూలి పోతుంది, మందు ఆగుతుంది, జబ్బు తిరగబెడుతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ఈ వైద్యాన్ని హక్కుగా ఇచ్చింది కదండీ!

ఏరియా ఆసుపత్రిలో వారానికొక రోజైనా వైద్యుణ్ణి ఉంచండి. పీహెచ్‌సీలో నెల మందు ఒకేసారి ఇప్పించండి. రోగుల తోబుట్టువులను, పిల్లలను ఏఎన్‌ఎంలు పలకరించి వచ్చేలా చూడండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ప్రతి సచివాలయం గోడ మీదా రాయించండి. జబ్బు వస్తుందని గానీ రాదని గానీ స్కాన్ రిపోర్టులో రాయకూడదని సెంటర్లకు రాతపూర్వకంగా ఆదేశించండి. మాఘమాసం ముహూర్తాలు రాకముందే ఆ ఆదేశం వెలువడాలని చేతులెత్తి వేడుకుంటున్నాం.