రమణా, ముందు బజ్జీల బాకీ సంగతి తేల్చు!

ఒరేయ్ రమణా,

ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు నాలుగు తిట్టు, పడతాను. అమ్మకి కాళ్ల నొప్పులు తగ్గాయి, చంటిదానికి బడి మార్చాం, మిగతావన్నీ మామూలే. అసలు సంగతి చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

క్యాంటీన్‌లో బజ్జీలు పందెం కాసి మనం పడ్డ తగాదా గుర్తుందా? "పేపరోడు పార్లమెంటుకెళ్లాడంటే కలం తాకట్టు పెట్టినట్టే" అని బల్ల గుద్దావు. ఆ దెబ్బకి సాంబారు గిన్నె ఎవరి ఒళ్లో పడిందో ఇక్కడ రాయను, మీ ఆవిడ చదువుతుంది.

ఈమధ్య నార్ల వెంకటేశ్వరరావు గారి గురించి అదేపనిగా చదువుతున్నాను. పుట్టింది జబల్‌పూర్‌లోనైనా మన కృష్ణా జిల్లా కవుతరం మనిషే. 1942 నుంచి ఆంధ్రప్రభ ఎడిటరు. జనం మాట్లాడుకునే తెలుగుని పత్రికలోకి లాక్కొచ్చిన ఘనుల్లో ఒకరు. 1958లో రాజ్యసభకి వెళ్లారు. "అదిగో, తాకట్టు!" అంటావు. ఆగరా బాబూ, మజా అంతా అక్కడే ఉంది. మరుసటి ఏడాదే ఆంధ్రప్రభని నడిపే మద్రాసు ఎక్స్‌ప్రెస్ సంస్థలో సమ్మె గొడవలు, యాజమాన్యంతో పొసగక ఆ పత్రిక వదిలేశారు. చూశావా, కుర్చీ పోయింది పార్లమెంటు వల్ల కాదు, పత్రికాఫీసులోనే! ఎంపీ పదవి ఉంది కదా, ఢిల్లీలో హాయిగా కాలక్షేపం చెయ్యొచ్చు. చేశారా? 1960 జూలై 1న విజయవాడలో ఆంధ్రజ్యోతి మొదలైతే తొలి ఎడిటరు ఆయనే. సభ్యత్వమేమో 1970 దాకా సాగింది. ఇటు సంపాదకీయం, అటు సభ. నాకైతే ఒక్క ఆఫీసుకే నడుం పడిపోతోంది.

కానీ ఒకటి మాత్రం గుచ్చుతోంది. రాజ్యసభకి ఓటేసేది ఎమ్మెల్యేలు. రేపు వాళ్లనే ఉతికి ఆరెయ్యాల్సిన కలం... రాసేటప్పుడు చెయ్యి ఒక్క క్షణమైనా ఆగి ఉండదా? ఈ ముక్క చూసి ఎగిరి గంతెయ్యకు, నీకు అర మార్కే ఇస్తున్నాను. యజమాని దగ్గర జీతానికి రాసేవాడి చెయ్యి మాత్రం ఆగదా ఏమిటి? దానికి నువ్వేం చెబుతావో...

ఆయన పుస్తకాలు హైదరాబాదులోనే, అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ఉన్నాయట. దసరాకి వస్తే ఇద్దరం వెళ్దాం. మన నేస్తం "ప్రొఫెసర్ గోంగూర"ని మాత్రం తీసుకురాకు, లైబ్రరీలో నవ్వాపుకోలేం.

ఇంకా కోటంరాజు రామారావు గారి గురించి చెప్పాలి. చీరాల ఆయన, నేషనల్ హెరాల్డ్ పత్రిక ఎడిటరు, ఆయనా 1952లో రాజ్యసభకి... అయ్యో, పోస్టు డబ్బా తీసే వేళయింది, పరిగెత్తాలి. బజ్జీలు అర డజనుకి తగ్గితే ఒప్పుకోను.

నీ
శీను