గిటార్ పాఠం మెట్టు మెట్టుగ చెప్పేటోళ్లు కావాలె

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్ల గిటార్, కీబోర్డు వీడియోలు తీసే యూట్యూబర్ల మీద ఒక పేజీ వచ్చింది. ఎవరికి ఎంతమంది సబ్‌స్క్రైబర్లు, ఎవరికి ఎన్ని లక్షల వ్యూసు, నెలకు ఎంత సంపాదిస్తున్నరు అన్నీ రాసిండ్రు, ఫోటోలు కూడ మంచిగున్నయి, కానీ వాళ్ల వీడియోలు చూసి ఎవలన్న వాయించుడు నేర్సుకున్నరా లేదా అన్న ముచ్చట మాత్రం ఆ పేజీ మొత్తంల ఒక్క వాక్యం లేదు. అది చదివినప్పటి సంది మనసుల కొట్టుకుంటనే ఉన్నది, అందుకే రాస్తున్న.

నాకు 43 ఏండ్లు. హన్మకొండ చౌరస్తా దగ్గర డీటీపీ పని చేస్త. పెండ్లి పత్రికలు, కరపత్రాలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు, పొద్దంత ఇదే పని. మూడేండ్ల సంది రాత్రి షాపు మూసినంక ఫోన్ల చూసుకుంట గిటార్ నేర్సుకుంటున్న. నాకు గురువులంటే ఈ వీడియోలు తీసేటోళ్లే, అందుకే వాళ్ల మీద గౌరవం ఉన్నది, కొందరి మీద కోపం కూడ ఉన్నది, రెండూ చెప్త.

ముందు కోపం సంగతి. నేను మొదలు పెట్టినప్పుడు ఒక వీడియోల ఒకాయన ఒక గిటార్ పట్టుకొని, కొత్తగ నేర్సుకునేటోళ్లకు దీన్ని మించింది లేదు, లింకు కింద ఇచ్చిన అన్నడు. 4,800 పెట్టి తెప్పిచ్చిన. నెల రోజులు పట్టిన. ఏ, డి కార్డులు (అంటే కొన్ని స్వరాలు ఒక్కసారే పలికేటట్టు వేళ్లతోటి పట్టే పట్లు) ఎట్లనో పట్టిన గానీ ఎఫ్ కార్డు దగ్గర ఆగిపోయిన. అందుల చూపుడు వేలు ఆరు తీగల మీద అడ్డంగ పండబెట్టి నొక్కాలె, ఎంత నొక్కినా టక్ టక్ అని చెక్క చప్పుడే గానీ స్వరం రాదు. వేళ్ల కొసలు పగిలినయి. కామెంట్లల్ల అడిగితే ప్రాక్టీస్ చెయ్యి బ్రో అన్నరు. ఇంక నా చేతులు గిటార్‌కు పనికిరావు అనుకొని బీరువా మీద పెట్టేసిన.

తర్వాత ఒకనాడు వరంగల్ పోయినప్పుడు హార్మోనియంలు, తబలాలు బాగుచేసే ఒక పెద్దమనిషి కాడికి దాన్ని పట్టుకపోయిన. ఆయన గిటార్ వాయిస్తడో లేదో కూడ నాకు తెల్వదు. ఒక కన్ను మూసి, గిటార్ మెడ పొంటి చూసి, ‘పన్నెండో మెట్టు కాడ తీగ గింత ఎత్తున్నది, గీ తీగను పోరగాండ్లు ఎట్ల నొక్కుతరు బిడ్డా’ అన్నడు. గిటార్ మెడ మీద అడ్డంగ ఉండే లోహపు గీట్లను, ఇంగ్లీషుల ఫ్రెట్లు అనేటియి, ఆయన మెట్లు అంటడు. స్కేలు పెట్టి చూస్తే మూడున్నర మిల్లీమీటర్లు. రెండున్నరకు దిగాలంటే బ్రిడ్జి, అంటే కింది దిక్కు తీగలు కట్టే చెక్క, దాని మీదున్న తెల్ల పట్టీని రెండు మిల్లీమీటర్లు గీకాలంట, ఎందుకంటే పన్నెండో మెట్టు తీగకు సరిగ్గ నడుమ ఉంటది కాబట్టి అక్కడ ఒకటి తగ్గాలంటే కొసకు రెండు తగ్గాలె. తీగలు వదులు చేసి, పట్టీ ఊడబీకి, బల్ల మీద గరుకు కాయితం పరిచి, పట్టీని నిలువుగ పట్టుకొని ముందుకెనుక గీకిండు, నడుమ నడుమ పెన్సిల్ గీత తోటి చూసుకున్నడు. 150 తీసుకున్నడు. ఇంటికొచ్చి ఎఫ్ పట్టిన, ఆరు తీగల్ల ఐదు పలికినయి. ఆ రాత్రి నేను నిద్రపోలే.

చెప్పొచ్చేదేందంటే, తీగ ఎత్తు చూసుకోండ్రి, ఎక్కువుంటే బాగుచేయించుకోండ్రి అని చెప్పడానికి ఆ యూట్యూబర్‌కు 20 సెకండ్లు సాలు. చెప్పలే, ఎందుకంటే చెప్తే గిటార్ అమ్ముడు పోదు. ఎంతమంది పోరగాండ్లు నా లెక్కనే నా చేతులకు రాదు అని అనుకొని ఇడిసిపెట్టిండ్రో.

ఇగ గౌరవం సంగతి. జస్టిన్ శాండర్కో అని ఒకాయన ఉన్నడు, ఆస్ట్రేలియాకు చెందిన టాస్మేనియా దీవిల పుట్టిండు. 2003ల, అంటే యూట్యూబ్ పుట్టకముందే, వెబ్‌సైట్ పెట్టి గిటార్ పాఠాలు ఫ్రీగ పెట్టుడు షురూ చేసిండు, ఇప్పటికీ ఫ్రీగనే ఉన్నయి. ఆయన చెప్పే ఒక అభ్యాసం ఉన్నది, ఒక్క నిమిషం టైమర్ పెట్టుకొని ఒక కార్డు నుంచి ఇంకో కార్డుకు ఎన్నిసార్లు మారినవో లెక్క పెట్టుకోవాలె, అంతే. నేను మొదటి రోజు ఏ నుంచి డికి 11 సార్లు మారిన. షాపుల పాత క్యాలెండర్ ఎనుక రోజూ రాసుకున్న, 11, 13, 12, 17. నలబై రోజులకు 46కు వచ్చిన. ఇంగ్లీషు నాకు అంతంత మాత్రమే, కానీ ఆయన చెయ్యి నెమ్మదిగ కదులుతది, తప్పు ఎక్కడ పడ్తదో ముందే చూపిస్తడు, ఆ వేలు ఇట్ల వంగితే పక్క తీగ మూగబోతది సూడు అని. తప్పును చూపించేటోడే పాఠం చెప్పేటోడు అని నాకు అప్పుడు సమజైంది. మంచిగ వాయించుడు చూపించేటోళ్లు వేలమంది ఉన్నరు, వాళ్లను చూస్తే సంబురమైతది, అది తప్పు కాదు, కానీ దానికి ట్యుటోరియల్ అని పేరెందుకు పెడ్తరో.

అమెరికాల రిక్ బియాటో అని ఇంకొకాయన, ఒకప్పుడు స్టూడియోలల్ల పాటలు రికార్డు చేసిన మనిషి. ఒక్కొక్క పాటను తీసుకొని దాంట్ల ఏ వాయిద్యం ఏం చేస్తున్నదో విడదీసి చూపిస్తడు, 50 లక్షల మంది పైన సబ్‌స్క్రైబర్లు. ఆయన పాటను విప్పి చూపించే వీడియోలు నాకు పానం. ఇప్పటి పాటలు బాగుంటలేవు, పాతయే బాగుండె అనే వీడియోలు మాత్రం నాకు నచ్చయి, ప్రతి తరం ముసలోళ్లు అదే అంటరు. కానీ ఆయన చేసిన ఒక మంచి పని చెప్పాలె. పాఠం కోసం పాటల నుంచి కొంచెం వినిపిస్తే సాలు, యూట్యూబ్ల కంటెంట్ ఐడీ అనే మిషన్ పట్టుకుంటది, వీడియోనన్న బ్లాక్ చేస్తరు, లేకుంటే యాడ్ల పైసలు పాట కంపెనీకి పోతయి. ఇదే ముచ్చట మీద 2020ల ఆయన అమెరికా సెనేట్ కమిటీ ముందు మాట్లాడిండు. మన తెలుగు పిల్లలు కూడ సినిమా పాట కార్డులు చెప్పేటప్పుడు అసలు పాట వినిపియ్యకుండ నోటితోటి కూనిరాగం తీసుకుంట ఎందుకు చెప్తరో చాలామందికి తెల్వదు.

పైసల లెక్క కూడ ఒకసారి చూడుండ్రి. యాడ్ల పైసలు రావాలంటే 1000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలె, ఏడాదిల 4000 గంటలు జనం చూసి ఉండాలె, లేకుంటే 90 రోజులల్ల షార్ట్స్‌కు కోటి వ్యూస్ రావాలె. పది నిమిషాల పాఠం ఒకటి పెడితే, దాన్ని 24 వేలసార్లు మొదటి నుంచి చివరి దాక చూస్తే గానీ 4000 గంటలు కావు. కార్డు మార్చుడు నెమ్మదిగ చెప్పే పాఠాన్ని 24 వేల మంది కూసొని ఎవరు చూస్తరు? అందుకే పిల్లలు 30 సెకండ్ల షార్ట్స్ దిక్కు పోతున్నరు, వేళ్లు కనవడకుండ ఉరికిస్తున్నరు. నేను వాళ్లను తప్పు పడ్తలేను, ఆ కొలత పెట్టినోళ్లది తప్పు, అదే కొలత తోటి మీ పేపర్ గూడ కొలిస్తే ఎట్ల అని అడుగుతున్న. (ఎవలన్న వీడియోలు చూసి నేర్సుకుంటుంటే ఒకటి యాది పెట్టుకోండ్రి, మామూలు వీడియోల సెట్టింగ్స్‌ల స్పీడు 0.5 పెడితే స్వరం మారకుండనే నెమ్మదిగ నడుస్తది, నేను సగం పాఠాలు అట్లనే పట్టిన.)

ఇంకొకటి, ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం. తెలుగుల చెప్పేటోళ్లు కూడ తెలుగుల చెప్తలేరు. ‘థర్డ్ ఫ్రెట్ ఫిఫ్త్ స్ట్రింగ్ మీద ఇండెక్స్ ఫింగర్ ప్లేస్ చేయండి’ అంటున్నరు. ఆ హార్మోనియం పెద్దమనిషి నోటి వెంట మెట్టు అన్న మాట వచ్చినప్పుడు నాకు ఒక్కసారి అంత తేటగ కనవడ్డది. వీణకు ఉన్నయి మెట్లే, కిన్నెరకు ఉన్నయి మెట్లే. 2022ల పద్మశ్రీ వచ్చిన మన దర్శనం మొగులయ్య గారు వాయించేది పన్నెండు మెట్ల కిన్నెర. గిటార్ల గూడ పన్నెండో మెట్టు దాకపోతే అదే స్వరం పై స్థాయిల వస్తది. ఉత్త తీగను స అనుకుంటే ఐదో మెట్టు మీద మ, ఏడో మెట్టు మీద ప, పన్నెండో మెట్టు మీద పై స. ఇది మా బిడ్డకు చెప్పిన, స్కూల్ల సరిగమలు పాడిన పిల్ల, రెండు నిమిషాలల్ల ఒక్క తీగ మీద స ప స వాయించింది. ఇంగ్లీషు పేర్లు వద్దంటలేను, కార్డుల పేర్లు ప్రపంచమంత ఒకటే ఉండాలె, కానీ మొదటి మెట్టు ఎక్కేటప్పుడన్న మన మాట ఉంటే కాలు జారదు. గిటార్ మనది కాదు అనేటోళ్లకు ఒకటే చెప్త, మాండొలిన్ గూడ మనది కాదు, పాలకొల్లుల 1969ల పుట్టిన యు.శ్రీనివాస్ గారు ఎనిమిది తీగల దాన్ని ఐదు తీగలు చేసుకొని కర్ణాటక కచేరీ చేసిండు.

మా బిడ్డకు 14 ఏండ్లు. పోయిన బతుకమ్మకు ఆమే సొంతంగ ఒక ఉయ్యాలో పాట బాణీని గిటార్ మీద పట్టుకొని, 40 సెకండ్ల వీడియో తీసి పెట్టింది. నేను సంబురపడి అందరికి పంపిన. రెండు రోజులల్ల వచ్చిన కామెంట్లు నేను ఇక్కడ రాయలేను. పాట మీద కాదు, పిల్ల బట్టల మీద, కూసున్న తీరు మీద, రంగు మీద. గిటార్ పట్టిన ఆడపిల్లలు ఎవల వీడియో చూసినా కింద ఇదే కథ. ఆ కామెంట్లల్లనే ఎవరో ఒకాయన ‘రెండో వరుస కొసకు డి కాదమ్మా, ఏ మైనర్ పెట్టి చూడు, బాణీ అక్కడ దిగుతది’ అని రాసిండు. మా బిడ్డ మార్చి చూసింది, నిజంగనే పాట అక్కడ కూసున్నది. కానీ తెల్లారి వీడియో తీసేసింది, గిటార్ మాత్రం ఇడువలే. ఆ ఏ మైనర్ చెప్పినాయన ఎవరో తెల్వదు, ఈ ఉత్తరం చదివితే ఆయనకు మా ఇంటిల్లిపాది దండం.

వీడియో తీసి పెట్టినోళ్లు తిట్లు పడుడు మామూలే అంటరు కొందరు. పద్నాలుగేండ్ల పిల్లకు మామూలు ఎట్లయితది? పాట బాగలేదంటే చెప్పుండ్రి, తాళం తప్పిందంటే చెప్పుండ్రి, తప్పు చెప్తేనే పిల్ల ముందుకు పోతది. పాట ఇనకుండ కామెంట్ పెట్టేటోళ్ల గురించి గూడ మీ పేపర్ల ఒక పేజీ రావాలె.

ఎడిటర్ గారూ, ఒక్క మాట అడుగుత. మీ ఆదివారం పుస్తకంల పాటలు అచ్చేస్తుంటరు. ఈసారి బతుకమ్మ షురువయ్యే పెత్రమాసకు ముందు వచ్చే ఆదివారం ఒక పాత బతుకమ్మ పాటను కార్డుల తోటి, మెట్ల నంబర్ల తోటి అచ్చేయుండ్రి. జనం పాడుకునే పాత బాణీ ఎవ్వరి సొత్తు కాదు, మన చేత్తోటి మనం వాయించుకుంటే అడిగేటోళ్లు లేరు. పాట తెల్సిన అమ్మలు మా వాడకట్టుల పదిమంది ఉన్నరు, పాడిస్త. కార్డులు మా బిడ్డ రాస్తది. పేజీ నేను చేసిస్త, పైసలు అక్కర్లేదు. పాట వరుస మీద ఏ అక్షరం కాడ చెయ్యి మారాలెనో సరిగ్గ ఆ అక్షరం నెత్తి మీదనే కార్డు పేరు పడాలె, లైను జరిగితే పేరు జరుగుతది, గుడులు దీర్ఘాల మీద ఎక్కి కూసుంటది, అది పడకుండ ఎట్ల పెట్టాలెనో ఇరవై ఏండ్ల సంది ఇదే పని చేస్తున్న కాబట్టి నాకు తెల్సు. శ్రావణం పెండ్లి పత్రికల పని అయిపోంగనే కూసుంట.

ఇట్లు
మీ పాఠకుడు,
డీటీపీ ఆపరేటర్, హన్మకొండ