ఆసుపత్రి వరండాలో మా కోసం ప్రార్థించిన ఒక అమ్మగారికి కృతజ్ఞతలు

ప్రభువు నామమున అందరికీ వందనములు. నాన్నగారు నిన్న రాత్రి ఇంటికి వచ్చారు. కుడి చేతికి ఇంకా పట్టు రాలేదు, మాట ముద్దగా వస్తోంది, అయినా మమ్మల్నందరినీ పేరుపేరునా పిలుస్తున్నారు. నాకు ఇంకా కంటి నిండా నిద్ర లేదు. అయినా మనసు తడిగా ఉన్నప్పుడే ఈ నాలుగు మాటలు వ్రాయాలనిపించింది.

నాన్నగారికి పక్షవాతం వచ్చి సికింద్రాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చినప్పుడు అన్నయ్య, వదిన, అక్క, బావ వెంటనే వచ్చారు, డబ్బు సర్దారు, అమ్మను చూసుకున్నారు. వారికి దేవుడు మేలు చేయును గాక. నేను ముఖ్యంగా చెప్పవలసినది ఐసీయూ బయటి వరండాలో ఆ మొదటి రాత్రి పరిచయమైన ఒక పెద్దావిడ గురించి. పేరు వ్రాయవద్దన్నారు కనుక వ్రాయడం లేదు.

ఆ సమయంలో నేను మొబైలు చూస్తూ కూర్చున్నాను. ఒక వీడియోలో యుద్ధం, మరొకదానిలో రోడ్డు ప్రమాదం, వాటి నడుమ పక్షవాతం వచ్చినవారు ఎన్నాళ్లు బ్రతుకుతారన్న సమాచారం, ఇలా ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉన్నాయి. ఆవిడ వచ్చి పక్కన కూర్చొని, "అది జర పక్కకు పెట్టు. తిన్నవా బిడ్డా?" అని అడిగి, తన స్టీలు డబ్బాలోని రెండు చపాతీలలో ఒకటి నా చేతిలో పెట్టారు. ప్రార్థన చేద్దామంటే నోట మాట రావడం లేదని చెప్పాను. ఆవిడ తన బైబిలు తీశారు. పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసి, విడిపోతున్న పుటలు జారిపోకుండా రబ్బరు బ్యాండు చుట్టిన బైబిలు అది. ఓదార్పు కోసం అందరూ చదివే ఇరవై మూడవ కీర్తన చదువుతారనుకున్నాను, కానీ దావీదు వ్రాసిన పదమూడవ కీర్తన చదివారు: "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" చదివి, "దావీదే అట్ల అడిగిండు. నువ్వడిగితే ఏమైతది? మాట రాకుంటే ఊకనే కూసో, ఆయనకు తెలుసు" అన్నారు.

తరువాత ఆవిడే ప్రార్థించారు. నాన్నగారి పేరు పెట్టి, లోపల పనిచేస్తున్న నర్సుల చేతుల కోసం, స్కానింగ్ చూసే డాక్టరుగారి కళ్ల కోసం, మెట్ల దగ్గర ఒంటరిగా కూర్చున్న ఒక ముస్లిం సోదరుని కుమారుని కోసం (ఆ అబ్బాయి పేరు ఆయననే అడిగి ముందుగా తెలుసుకున్నారు) ప్రార్థించారు. ఇది చేస్తే అది ఇస్తామన్న మొక్కుబడి మాట ఒక్కటీ అందులో లేదు. చివరికి, "ఈ బిడ్డకు ఈ రాత్రి గడిచేంత సమాధానం ఇయ్యి తండ్రీ" అని నా మనశ్శాంతి కోసం వేడుకున్నప్పుడు అప్పటిదాకా బిగబట్టుకున్న దుఃఖమంతా ఒక్కసారిగా బయటపడింది. నేను ఏడ్చినంతసేపూ ఆవిడ నా వీపు నిమురుతూనే ఉన్నారు.

ఆవిడ భర్తకు వారానికి మూడుసార్లు డయాలసిస్ జరుగుతోందని, ఊపిరితిత్తులలో నీరు చేరినందున ఆయనను కూడా అదే రాత్రి చేర్చారని నాకు మరునాడు నర్సు చెబితే తెలిసింది. ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రికలో నాలుగవ అధ్యాయం ఆరు, ఏడు వచనాలు మనలో చాలామందికి కంఠస్థమే. అపొస్తలుడైన పౌలు బంధకాలలో ఉండి వ్రాసిన మాటలవి. అడిగినదెల్లా అడిగినట్టే జరుగుతుందని ఆయన అక్కడ అనలేదు. మన విన్నపాలు తెలియజేసినప్పుడు దేవుని సమాధానము మన హృదయాలకు, తలంపులకు కావలి ఉంటుందని వ్రాశాడు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువు, ఈ శ్రమల గిన్నె తన యొద్దనుండి తొలగించమని మూడవమారు కూడా అవే మాటలు చెప్పి ప్రార్థించాడు, గిన్నె మాత్రం తొలగిపోలేదు. చిన్ననాటి నుండి ప్రసంగాలలో వింటున్న ఈ సంగతిని ఆచరణలో నేను చూసినది ఆ వరండాలోనే.

ఒక బాధ కూడా చెప్పక తప్పదు. డిశ్చార్జి చేస్తామని ఉదయమే చెప్పినా, బీమా అనుమతి రాలేదంటూ రాత్రి వరకు కూర్చోబెట్టారు. ఆసుపత్రి వారిని అడిగితే బీమా వారిని అడగమన్నారు, బీమా వారిని అడిగితే కాగితాలు ఆసుపత్రి నుండి రాలేదన్నారు. ఆసుపత్రి నుండి అభ్యర్థన అందిన 3 గంటలలోగా బీమా వారు తుది అనుమతి ఇవ్వాలని, బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2024లోనే ఆదేశించింది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం మన హైదరాబాద్‌లోనే ఉంది. పక్షవాతం నుండి అప్పుడప్పుడే తేరుకుంటున్న మనిషిని చక్రాల కుర్చీలో గంటల తరబడి అలా ఉంచడం అన్యాయం. నిబంధన ఉన్నా రోగికి అందకపోతే ఎవరికి ప్రయోజనం?

ముఖ్యమైనవారిని మరచిపోతున్నాను. అర్ధరాత్రి పిలవగానే వచ్చి, దారిలో ఎక్కడా ఆలస్యం చేయకుండా చేర్చిన మా వీధి ఆటో అన్నకు కృతజ్ఞతలు. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను సాధారణంగా నాలుగున్నర గంటలలోగా ఇవ్వాలట, ఆయన వలననే ఆ సమయం దక్కింది. అమ్మకు తన కుర్చీ ఇచ్చి రాత్రంతా నిలబడిన సెక్యూరిటీ తాతకు, ఉపవాసముండి ప్రార్థించిన మా సంఘ స్త్రీల కూడికకు, పాస్టరుగారికి, ఫిజియోథెరపీ చేసిన చెల్లెమ్మకు కూడా వందనములు. క్యాంటీన్ నుండి వేడినీళ్లు తెచ్చి ఇచ్చిన అబ్బాయి పేరు అడగనేలేదు, అతనికి కూడా.

ఆ ముస్లిం సోదరుని కుమారుని మేము వచ్చే ముందు రోజు వేరే ఆసుపత్రికి తరలించారు, తరువాత కబురు తెలియలేదు. ఆ అమ్మగారి భర్త ఇంకా అక్కడే ఉన్నారు. మీ ప్రార్థనలలో దయచేసి ఈ ఇద్దరినీ జ్ఞాపకం చేసుకోండి.